తప్పెట తునకల పెన్ను

రాజమండ్రిలో కొన్నానని చెప్పినాను. అది అబద్ధం.

స్టాఫ్ రూములో రిజిస్టరు మీద సంతకం చేసి పెన్ను జేబులో పెట్టుకోబోతాంటే పక్క సారు చెయ్యి చాపినాడు. అటూ ఇటూ తిప్పి చూసినాడు. నల్లగా ఒక తునక, ఎర్రగా ఒక తునక, రెండిటి మధ్య దారమంత ఇత్తడి గీత. మళ్లీ నలుపు, మళ్లీ ఎరుపు. "చేత్తో చేసిందా సార్? శానా బాగుంది. యాడ దొరుకుతుంది?" అన్నాడు. తడుముకోకుండా రాజమండ్రి అన్నాను.

ఆ ఎర్ర తునకలు మా జేజినాయన తప్పెట కట్టెవి. ఊర్లో ఎన్ని సావుల ముందర నడిచిందో ఆ తప్పెట.

ఆ సారుకు నా కులం తెలియదని కాదు. ఏ రోస్టరు పాయింటు కింద నాకు ఉద్యోగం వచ్చిందో బడిలో అందరికీ తెలుసు. ఆయన మంచోడు. నా క్యారియర్లో సంగటి ముద్ద తుంచుకుని తిన్నోడు. అయినా కులం తెలిసి ఉండడం వేరు, సావు తప్పెటను చేతిలో పట్టుకుని ఉండడం వేరు అనిపించింది. చెప్తే ఆయన ఏమనేవాడో నాకు తెలియదు. ఏదో ఒకటి అనే అవకాశం కూడా ఆయనకు నేను ఇయ్యలేదు. ఈ పెన్ను ఎట్లా తయారయిందో చెప్తే, దాచడానికి నాకెంత సిగ్గుచేటో మీకే తెలుస్తుంది.

మాది విడపనకల్లు మాదిగగేరి. బళ్లారి రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. 2022లో జిల్లాను చీల్చినప్పుడు మేము అనంతపురంలోనే మిగిలినాము. ఏ జిల్లా అయినా వాన అంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ రావాల్సినప్పుడు రాదు. కూలి లేకుంటే మా వాళ్లు బళ్లారికి, బెంగుళూరికి పోతారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కన్నే. మా నాయన వేలిముద్ర వేస్తాడు.

మా జేజినాయన తప్పెట కట్టు తుమ్మ కట్టెతో చేసింది. ఒకటే కట్టెను వంచింది కాదు. మూడు వంకర తునకలు తెచ్చి గుండ్రంగా కలిపి, అతుకు అతుక్కూ ఇనుప పట్టీ వేసి సీలలు కొట్టినారు. చేసింది ఊర్లో వడ్లాయన. కూలి కింద ఆయనకు మా జేజినాయన చెప్పులు కుట్టి ఇచ్చినాడంట. కమ్మరాయన కొలిమి తిత్తికి తోలు కూడా మా ఇంటి నుంచే పోయేది. ఆ తిత్తి ఊదితేనే కొర్రు కాగేది, కొర్రు కాగితేనే ఊరికి సేద్యం. తిత్తి తోలు మాది, కొలిమి కాడికి మటుకు మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. కర్రు కావాలంటే దూరంగా నిలబడి కేకేయాల.

నేను ఇంటరు చదివేటప్పుడు మా నాయన సావుకు తప్పెట కొట్టనన్నాడు. "నా కొడుకు కాలేజీకి పోతాండాడు సామీ, ఇంగ నేను కొట్టను" అన్నాడంట. దానికి ఊరు వారం దినాలు మా ఇంటికి కూలి చెప్పలేదు. ఆ వారం మా అమ్మ ఏమి వండిందో నాకు గుర్తులేదు. వండిందో లేదో కూడా గుర్తులేదు. తప్పెట మటుకు కొయ్యకు ఎక్కింది. తోలు ఎలుకలు కొరికినాయి, కట్టు మిగిలింది.

మా చిన్నాయన కొడుకు బళ్లారిలో ఒక లేతు అంగట్లో టర్నరు. పదో తరగతి తప్పినోడు. బోరు మోటార్ల షాఫ్టులు, బుష్షులు అరగదీసి సరిచేస్తాడు. మా దిక్కు బోర్లు ఎండేకొద్దీ వానికి పని ఎక్కువ. రాత్రి పూట అంగడి మూసినాక కట్టె ముక్కలతో పెన్నులు తిప్పడం పట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను పోయి వాని దగ్గర కూర్చున్నాను. నిజం చెప్పాలంటే వాని కింద కూలి చేసినాను.

పెన్నుకు కట్టె ఏది? ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కట్టె ఉంది, కొండపల్లి వాళ్లకు పొణికి ఉంది. మా కరువు నేల మీద దండిగా ఉండేది జాలికంప. సర్కారు తుమ్మ అని బడి పుస్తకాల్లో ఉంటుంది. 1870లలో విత్తనం తెప్పించి నాటిన తొలి చోట్లలో మా పక్క కడప జిల్లా ఒకటి. ఇప్పుడు అది లేని బీడు లేదు. నీళ్లు తాగేస్తుందని అందరూ తిట్టేవాళ్లే. అయితే ఆ కంప లోపలి చేవ ముదురు గోధుమ రంగులో, నూనె పూస్తే నల్లగా, రాయి మాదిరి ఉంటుంది. ఎండినా తడిసినా పెద్దగా కుంచించుకోదు, ఉబ్బదు. పొయ్యిలో పెట్టి ఇన్నేండ్లు కాల్చినాము గాని దాని గుణం మాకు తెలియలేదు.

చిక్కేమంటే జాలికంప వంకర, పురుగు తొలిచి ఉంటుంది, నిలువుగా జానెడు కట్టె రాదు. తప్పెట కట్టు కూడా వంకరే. వంకర కట్టెలో పొడుగు ముక్క దొరకదు, చిన్న చిన్న తునకలే దొరుకుతాయి. వాటిని చదరంగా కోసి, మధ్యమధ్య లోహపు రేకు పెట్టి, జిగురుతో కలిపి ఒక కడ్డీ చేయాల. ముప్పాతిక అంగుళం మందం, అయిదంగుళాల పొడుగు. దాని నడిమధ్యలో 7 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఇత్తడి గొట్టం దించి, అప్పుడు లేతు మీద తిప్పాల.

తప్పెటను కొయ్య నుంచి దించింది మా నాయనే. అమ్మ ఒప్పుకోలేదు. "పెద్దోళ్లది, ఇంటి దేవుని మాదిరి ఉండాది, కోయొద్దు" అనింది. నాయన ఏమీ మాట్లాడకుండా సీలలు ఊడపీకి, ఒక తునక నా చేతికి ఇచ్చి, రెండు తునకలు మళ్లీ కొయ్యకు తగిలించినాడు.

ఆ ఇనుప పట్టీలనే రేకులుగా వాడదామని నా పంతం. తమ్ముడు వాటిని సన్నగా అరగదీసినాడు. రేకు రెండు పక్కలా ఎమరీ పేపరుతో గీరల్ల, నున్నగా ఉంటే జిగురు నిలవదు. థిన్నరుతో తుడవల్ల. తుడిచినాక వేలు తగలకూడదు. చేతి జిడ్డు తగిలితే అరాల్డైట్ అంటుకోదు. నేను మరిచిపోయి పట్టుకుంటే వాడు నవ్వినాడు. "అన్నా, అంటుకోవద్దు, అంటితే అంటుకోదు" అన్నాడు. మళ్లీ వాడే "ఎవురు ముట్టినా అంతేలేన్నా, దీనికి కులం లేదు" అన్నాడు. అర్ధరాత్రి లేతు అంగట్లో ఇద్దరమూ కండ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వినాము.

మొదటి కడ్డీ రంధ్రం వేసేటప్పుడే పోయింది. తొందరపడి డ్రిల్లు ఆపకుండా తోసినాను. ఇనుము కాగింది, వేడికి జిగురు మెత్తబడి తునకలన్నీ విడిపోయినాయి. కొంచెం దించి, బిట్టు బయటికి తీసి, పొట్టు ఊది, మళ్లీ దించాల. దానికి ఓపిక కావాల. రెండోది బాగానే తిరిగింది. గట్టిది మెత్తనిది పక్కపక్కన ఉంటే టూలు మెత్తని కట్టెను ఎక్కువ తింటుంది, లోహం గట్టు మాదిరి నిలబడుతుంది. అందుకని వాడు టూలుకు మాటిమాటికీ పదును పెట్టి, వెంట్రుకంత మందం తీస్తా వచ్చినాడు. ఆఖర్న వాటర్ పేపరుతో, నీళ్లు తగిలించి నున్నగా చేసినాము. పొద్దున చూస్తే ఎర్రగా ఉన్న తుమ్మ అంతా బొగ్గు మాదిరి నల్లబడింది. ఎంత రుద్దినా పోలేదు. తమ్మునికీ అర్థం కాలేదు.

ఊరికి తెచ్చి నాయనకు చూపించినాను. చూసిన వెంటనే చెప్పినాడు. "తుమ్మకు ఇనుము పడదు కదరా. తుమ్మచెక్క, తంగేడుచెక్క నీళ్లలో తోలు నానేటప్పుడు ఇనుప ముక్క తగిలితే ఆడ నల్లగా మచ్చ పడుతుంది. లందలో మేము ఇనుము పెట్టేవాళ్లమా? తడి తగలనియ్యద్దు, ఇత్తడి వేసుకోండి."

చెట్టు చెక్కలో ఉండే టానిన్, ఇనుము, నీళ్లు కలిస్తే నలుపు. పదో తరగతి పిల్లలకు ఆమ్లాలు, లవణాలు నేను చెప్తాను. మా నాయన లంద వాసన రాకుండా చొక్కా ఉతుక్కుని బడికి పోయినోన్ని నేను. ఆ లందలోనే ఈ పాఠం ఉండిందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడో కడ్డీకి గుజిరీ అంగట్లో పాత ఇత్తడి చెంబు కొన్నాము. దాని రేకు కోసి వేసినాము. వైసులో బిగించి ఒక దినమంతా కదిలించలేదు. నీళ్లు లేకుండా పొడి పేపరుతోనే రుద్ది, ఇత్తడి పొడి కట్టె రంధ్రాల్లో దిగకుండా మాటిమాటికీ ఊదినాము. ఫెవిక్విక్ పల్చగా పూసి మెరుగు పెట్టినాడు వాడు. ఇదే నా జేబులో ఉన్న పెన్ను.

నాయన చేతికిస్తే రాసి చూడలేదు. గోటితో టక్కుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మోగదు" అన్నాడు. అంతే. మా గేరి మొదట్లో అంబేద్కర్ బొమ్మ జేబులో సిమెంటు పెన్ను ఉంటుంది. ఏటేటా ఏప్రిల్ 14కు దానికి రంగు వేసేది మా నాయనే.

ఇంక రాజమండ్రి. ఆ పేరు నా నోటికి ఊరకే రాలేదు. డీఎస్సీకి బిట్లు చదివేటప్పుడు పట్టుకున్న పేరు. రాజమండ్రిలో కె.వి. రత్నం 1930లలో స్వదేశీ పెన్నులు చేసినాడు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు కడ్డీని, ఎబొనైటు అంటారు, లేతు మీద చేత్తో తిప్పి చేసేవి. ఆ పెన్ను అందుకుని గాంధీ 1935లో వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాసినాడు. గొప్ప పనే. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. మా తమ్ముడు చేసేది కూడా అదే పని, అదే తిప్పుడు. పేరున్న ఊరు చెప్తే పెన్నుకు మర్యాద వస్తుందని నేను అనుకోవడంలో ఉంది తప్పు. గాంధీ ఉత్తరం వెనకాల దాక్కున్నాను నేను. మాదిగోనికి అది దాక్కునే చోటేనా?

అయిపోలేదు. మొన్న ఆ సారు అయిదు వందల నోటు నా డైరీలో పెట్టినాడు. "మళ్లీ రాజమండ్రి దిక్కు పోతే నాకూ ఇట్లాంటిదే తెచ్చిపెట్టండి సార్, మా అమ్మాయి డిగ్రీలో చేరింది" అన్నాడు. వద్దన్నా వినలేదు.

తమ్మునికి ఫోను చేసినాను. "కట్టె ఏదన్నా? జాలి ఒకటే వేసేదా?" అని అడిగినాడు. కొంచేపు ఏమీ చెప్పలేదు నేను. తర్వాత ఇంటికి పోయి నాయనను అడిగితే కొయ్య నుంచి రెండో తునక దించి ఇచ్చినాడు. ఎవరికని అడగలేదు.

ఆ కడ్డీ ఇప్పుడు బళ్లారిలో వైసులో బిగించి ఉంది. సోమవారానికి నా చేతికి వస్తుంది. యాడ కొన్నావని ఆ సారు ఇంక అడగడు. నేనే చెప్పాల.