బొమ్మ పడిందా?

ఈ రోజుల్లో సభల్లో జ్యోతి ప్రజ్వలనకి పట్టేది రెండు నిమిషాలు. ప్రొజెక్టరు ప్రజ్వలనకి ఎంత పడుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అధ్యక్షులవారు వస్తారు, పూలదండలు వస్తాయి, ఫ్యాను కింద కూర్చున్న పెద్దలకి కునుకు కూడా వస్తుంది. తెరమీదికి బొమ్మ మాత్రం రాదు. నీలం రంగు మీద 'నో సిగ్నల్' అన్న రెండు ముక్కలు వినయంగా నిలబడి ఉంటాయి.

టూరింగు టాకీసు రోజుల్లో బొమ్మ ఆగిపోతే ఆపరేటరుని తిట్టుకుని తృప్తిపడేవాళ్ళం. ఇప్పుడా సుఖం కూడా లేదు. కంప్యూటరు బాగానే ఉంటుంది, ప్రొజెక్టరూ బాగానే ఉంటుంది. తంటా అంతా రెంటికీ మధ్యనున్న తీగది.

ఈ తీగ చేసేది పెళ్ళిళ్ళ పేరయ్య పని సుమండీ! పాత పేరయ్య వి.జి.ఎ. 1987లో ఐ.బి.ఎం. వారి కంప్యూటర్లతోపాటు వచ్చాడు. మూడు వరసల్లో 15 పిన్నులు, బిగించుకోడానికి అటొకటి ఇటొకటి స్క్రూలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ మూడు వేరువేరు తీగల మీద చేరవేస్తాడు. పాపం, మూగవాడు. మాట వినపడాలంటే మైకుసెట్టు అబ్బాయిని బతిమాలి ఇంకో తీగ తెచ్చుకోవాలి. దూరం పెరిగినకొద్దీ అక్షరాలకి నీడలు తేలతాయి గాని, అలికినట్టయినా ఏదో ఒక బొమ్మ పడుతుంది.

కొత్త పేరయ్య హెచ్.డి.ఎం.ఐ. ఈయన నియమావళి 2002 డిసెంబరులో వెలువడింది. 19 పిన్నులతో బొమ్మనీ మాటనీ ఒక్క తీగలోనే తెస్తాడు. సమర్థుడే గాని పట్టింపులెక్కువ. తీగ తగిలించగానే ప్రొజెక్టరు తన జాతకం పంపిస్తుంది, నేను ఇన్ని చుక్కల బొమ్మ చూపించగలను అని. కంప్యూటరు అది చదివి తగిన బొమ్మ పంపిస్తుంది. ఆ ముచ్చట్లలో పొరపొచ్చం వస్తే నల్లతెరే. తీగ మరీ పొడుగైతే మసక బొమ్మ కూడా రాదు. కాసేపు మెరుపుచుక్కలు, ఆ తరవాత శూన్యం.

పాత ప్రొజెక్టరుకి కొత్త కంప్యూటరుని జతచెయ్యాలంటే మధ్యలో దుబాసీ కావాలి. అటో రకం మూతి, ఇటో రకం మూతి ఉన్న ఉత్త తీగ చాలదు, ఒక భాషని రెండో భాషలోకి మార్చే చిన్న యంత్రం అందులో ఉండాలి. పైగా ఇటునించి అటు మార్చే దుబాసీ అటునించి ఇటు మార్చడు! 2014లో వచ్చిన యు.ఎస్.బి. సి అయితే మరీ చిత్రం. కన్నాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకటి బొమ్మనిస్తుంది, ఇంకోటి ఛార్జింగుతో సరిపెడుతుంది.

యంత్రాల గొడవ మనకెందుకంటారా? మొన్నామధ్య ఓ మాస్టారి సన్మానసభకి వెళ్ళాను. ఆయన తన పాత ఫోటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకుని తెచ్చారు. పావుగంట కుస్తీపట్టాక బొమ్మ పడింది. హాలంతా చప్పట్లు. కాని అందరి మొహాలూ నెమలికంఠం రంగులో ఉన్నాయి.

"పోనీలెండి మాస్టారూ, పడింది గదా, అదే పదివేలు" అన్నారు కార్యకర్తలు.

మాస్టారు తెరవంకే చూస్తున్నారు. అది వాళ్ళమ్మగారి ఫోటో.

"అది కాదురా. మా అమ్మ నల్లబొట్టు ఎప్పుడు పెట్టుకుందిరా? కాసంత కుంకం బొట్టు ఆవిడది" అన్నారు.

మైకుసెట్టు అబ్బాయి లేచివెళ్ళి ప్రొజెక్టరు వెనక వి.జి.ఎ. మూతిని గట్టిగా నొక్కి, రెండు స్క్రూలూ బిగించాడు. ఎరుపు తెచ్చే పిన్ను సరిగా ఆనలేదన్నమాట! ఒక్క క్షణంలో ఆ నుదుట కుంకం ఎర్రగా వెలిగింది. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. హాల్లోనూ ఎవరూ మాట్లాడలేదు.

బొమ్మ పడటం వేరు, ఉన్నది ఉన్నట్టు పడటం వేరు. మనకి తెరమీద ఓ మచ్చ, ఇంకొకరికి తల్లి నుదుటి బొట్టు. అందుకే నా మట్టుకు నాకు ఉపన్యాసకుడికన్నా ముందు ఆ తీగని పలకరించాలనిపిస్తుంది. అరగంట ముందే వెళ్ళండి. మీ తీగ మీరు పట్టుకెళ్ళండి. రెండు చివరలూ నొక్కి చూడండి. ప్రొజెక్టరు ఏ కన్నంవైపు చూస్తోందో రిమోటుతో అడగండి. విండోసు కంప్యూటరయితే విండోసు మీటతో కలిపి 'పి' నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. 'ఎక్స్‌టెండ్' అని ఉందో, మీ ఫోటోలు మీ ఒళ్ళోనే ఉంటాయి, సభికులు మాత్రం తెరమీద ఎవరిదో కొండా కోనా చూస్తూ కూర్చుంటారు.

ఇన్ని చేసినా బొమ్మ పడకపోతే? దీపాలు వెయ్యమనండి. ఆ ఫోటోలో ఎవరున్నారో మీరే నోటితో చెప్పండి. బొట్టు రంగుతో సహా.