సగం పేరు

గల్ఫ్‌లో ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే నా చేతుల మీదుగా ఒక పెద్ద పొరపాటు జరగబోయి తప్పింది. ఓ.పి.లో ఫైలు తీసి, మన ఊళ్ళో పిలిచినట్టే "అబ్దుల్!" అని కేకేశాను. బయట ముగ్గురు లేచారట. ముందుగా లోపలికి వచ్చిన పెద్దాయనకు ఇన్సులిన్ మోతాదు రాయబోతుంటే, మలయాళీ నర్సమ్మ "డాక్టర్, ఆ ఫైలు ఈయనది కాదు" అని ఆపింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ పెద్దాయన మాత్రం కోప్పడలేదు. "డాక్టరుగారూ, దాసుడా అని పిలిచారు, ఎవరి దాసుణ్ణో చెప్పకుండానే ఆగిపోయారు" అని నవ్వాడు.

అరబ్బీలో 'అబ్ద్' అంటే దాసుడు. 'అల్' అనేది ఇంగ్లీషు 'ది' లాంటిది, తరువాతి మాటకు చెందినది. రెండూ కలిసి మన నోట 'అబ్దుల్' అయింది గాని, అది సగం పేరే. అబ్దుల్ ఖాదర్ అంటే సర్వశక్తిమంతుని దాసుడు. అబ్దుల్ రహమాన్‌ని ఇక్కడివారు అబ్దుర్రహ్మాన్ అంటారు. 'ర' ముందు 'ల్' కరిగిపోతుంది, మన సంధుల్లాగే. ఈ పద్ధతి ఇస్లాంకు ముందునుంచీ ఉన్నదే. అప్పట్లో అబ్ద్ షమ్స్, అంటే సూర్యదాసు, అని కూడా పెట్టుకునేవారు. అరబ్బు క్రైస్తవుల్లో అబ్దుల్ మసీహ్‌లున్నారు.

మనకు మాత్రం ఇది కొత్తా? కంచర్ల గోపన్న రామదాసు కాలేదూ! ఆయన్ని గోల్కొండలో ఖైదు చేసిన తానీషా పేరు అబుల్ హసన్. అందులోని 'అబు' వేరు, తండ్రి అని అర్థం. నేను చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నాను. ఇక్కడ పెద్దకొడుకు పేరుతో 'అబూ ఫలానా' అని పిలవడం మర్యాద. మన ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పకుండా "మా అబ్బాయి వాళ్ళ నాన్న" అన్నట్టన్నమాట.

ఆ రాత్రి నాకు హాస్టల్ రూమ్మేటు అబ్దుల్ కరీం గుర్తొచ్చాడు. చదువుకున్నన్నాళ్ళూ వాణ్ణి అందరం అబ్దుల్ అనే పిలిచాం. ఫోన్ చేసి, "ఏరా, ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాను.

"మొదటి రోజే చెప్పాను, ఎవరూ వినలేదు. మా అమ్మ ఊరినుంచి వచ్చి కరీం ఉన్నాడా అంటే, ఆ పేరుగలవాడెవడూ లేడని వాచ్‌మన్ పంపేశాడు. సాయంత్రందాకా గేటు బయటే కూర్చుంది. గుర్తుందా?" అన్నాడు.

నాకు గుర్తు లేదు. లేదని వాడితో అనలేకపోయాను.