కీ ఇంకొకరి చేతికి

2023 నవంబరులో క్రియాటినిన్ 9 దాటిందని రిపోర్టు వచ్చింది. నొప్పేమీ లేదు. కాళ్ళు కొంచెం వాచాయి, అన్నం సయించడం లేదు, అంతే. మాది ఉద్దానంలో, పూండి దగ్గర పల్లె. ఇక్కడ పుట్టినవాడికి ఈ కిడ్నీ జబ్బు కొత్త కాదు, మా వీధిలోనే చూశాను. అయినా నా దాకా రాదనుకున్నాను. జీడితోటలో ఎండకు పనిచేసేవాణ్ణి కాదు, ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి కదా అని. ఎందుకొస్తుందో ఈనాటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. మీది మా వైపైతే, నొప్పి లేకపోయినా ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

పగలు ఉద్యోగం. రాత్రిళ్ళు మైక్రోకంట్రోలర్ల కోసం జీసీసీ కంపైలరును ప్యాకేజీ చేసి ఉచితంగా ఇచ్చేవాణ్ణి. ముందు బైనుటిల్స్ అనే అసెంబ్లరు, లింకరు, తర్వాత సీ భాష మాత్రమే వచ్చిన సగం కంపైలరు, దాంతో న్యూలిబ్ అనే సీ లైబ్రరీ, ఆ తర్వాతే పూర్తి కంపైలరు. వాడేవాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులు. 16 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్ ఉన్న చిన్న రిస్క్-ఫైవ్ చిప్పులతో నేర్చుకునేవాళ్ళు. 2022లో బైనుటిల్స్ 2.38 వచ్చాక చిప్పు నియంత్రణ రిజిస్టర్లను చదివి రాసే సీఎస్ఆర్ ఆదేశాలు వేరే భాగంగా విడిపోయాయి. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాములు ఒక్కసారిగా కంపైల్ కావడం మానేశాయి. ఎక్కడెక్కడి నుంచో తిట్లు. ఆ రోజుల నుంచీ నాకు నిస్సత్తువగా ఉండేది. నిద్ర చాలక అనుకున్నాను.

డిసెంబరులో డయాలసిస్ కోసం ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా వేశారు. అది పనికి రావడానికి వారాలు పడుతుంది, అందాకా మెడలో గొట్టం. మొదటిసారి మిషను మీద ఉండగా బీపీ పడిపోయింది, అలారం మోగింది. అమ్మా అని అరిచానట. నాకు నలభై దాటాయి. సిస్టరు నా కాళ్ళు పైకెత్తి, సెలైన్ వదిలి, తేరుకునేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ డిసెంబరు 14నే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఒకప్పుడు మా వీధివాళ్ళు విశాఖపట్నం పోయేవారు. నాకు అక్కడే డయాలసిస్, మంగళ, గురు, శనివారాలు, నాలుగేసి గంటలు. తీసుకెళ్ళేది పెదనాన్న కొడుకు. తన బేరాలు మానుకుని ఆటో నాకోసం ఉంచేవాడు. నీళ్ళు కొలుచుకుని తాగాలి. పొటాషియం ఉంటుందని కొబ్బరిబొండాం వద్దన్నారు, మా ఇంటి చుట్టూ ఉన్నవేమో కొబ్బరిచెట్లు. జనవరిలో ఉద్యోగం వదిలేశాను. నెలకు 10,000 రూపాయల డయాలసిస్ పింఛను మొదటిసారి తీసుకున్నప్పుడు తలెత్తలేదు. మరుసటి నెల దానికోసం ఎదురుచూశాను.

ఫిబ్రవరి దాకా వాడేవాళ్ళకు చెప్పలేదు. కొత్త విడుదల ఎప్పుడని అడిగితే త్వరలో అనేవాణ్ణి. ప్యాకేజీల మీద పెట్టే డిజిటల్ సంతకం కీ నా ఒక్కడి దగ్గరే ఉంది. నేను పోతే అది నాతోనే పోతుంది. ఒక రాత్రి ఆ భయంతోనే అందరికీ రాసేశాను. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు ఏళ్ళుగా ప్యాచ్‌లు పంపుతున్న పోర్చుగల్ మనిషి, ముఖం కూడా చూడలేదు. రెండోవాడు టెక్కలిలో డిప్లమా చదివిన కుర్రాడు.

మార్చి 29న, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు సంగతి బయటపడింది. మర్నాడు శనివారం, మిషను మీదుండగా ఫోన్లో చదివాను. దాన్ని ఏళ్ళ తరబడి ఒక్కడే మోసి అలసిపోయిన మనిషి. సాయం చేస్తానని వచ్చినవాడు ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. దాన్ని కదిలించే ముక్క రిపాజిటరీలో లేదు, విడుదల మూటలో ఉంది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే దొరికింది. జీసీసీ సోర్సును మేం దించుకునేదీ ఎక్స్‌జెడ్ మూటగానే.

నా రక్తం గొట్టాల్లో తిరుగుతోంది. కదలడానికి లేదు. కీ ఎవరికి ఇస్తున్నానో నాకు తెలుసా అనుకుంటే చెమటలు పట్టాయి. టెక్కలి కుర్రాణ్ణి కూడా అనుమానించాను. ఆ సాయంత్రం భుజం పట్టి నన్ను ఆటో ఎక్కించింది వాడే. వాడికి ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు.

ఏప్రిల్లో పద్ధతి మార్చాం. అసలు కీని పెన్‌డ్రైవులో పెట్టి అన్నయ్య ఇంటి బీరువాలో ఉంచాం. "ఏట్రా, ఇందులో డబ్బులున్నాయా?" అన్నాడు. వాళ్ళిద్దరికీ ఏడాది గడువుతో చెరో ఉపకీ ఇచ్చాను. ఇద్దరూ వేర్వేరుగా బిల్డ్ చేయాలి, ఇద్దరి ఫైళ్ళ హ్యాష్ కలిస్తేనే సంతకం. మొదట్లో కలవలేదు. బిల్డ్ చేసిన సమయం, ఫోల్డరు పేరు ఫైళ్ళలోకి దూరిపోయేవి. సమయాన్ని ఒక్కచోట బిగించి, ఫోల్డరు దారుల్ని మార్పించాం. ఇదే పనిలో ఒంటరిగా ఉన్నవాళ్ళు ఒంట్లో బాగున్నప్పుడే చేసుకోండి. సూదుల చెయ్యి కదపకుండా, ఒంటి చేత్తో టైపు చేస్తూ చేయడం కష్టం.

మే 7న జీసీసీ 14.1 వచ్చింది. ముందుగా ప్రకటించని ఫంక్షన్ను పిలిస్తే ఇంతకు ముందు హెచ్చరించి ఊరుకునేది, ఇప్పుడు దాన్ని తప్పుగా లెక్కించి ఆపేస్తుంది. పాత ఉదాహరణలు చాలా విరిగాయి. సర్దింది వాళ్ళిద్దరే. ఒక శనివారం మిషను మీదుండగా కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, హ్యాష్ కలిసింది. పెట్టీమంటావా?"

పెట్టేయమన్నాను. తర్వాత న్యూలిబ్ పాత ప్యాచ్ ఒకటి ఉంచాలా తీసేయాలా అని ఇద్దరం వాదించుకున్నాం. బీపీ చూడ్డానికి వచ్చిన సిస్టరు ఫోను లాక్కుంది.