రికార్డు రాయడం నేర్పిన ఎర్రగుంట్ల

సోషల్ వర్క్‌లో పీజీ చేసేవాళ్ళు వారంలో కొన్ని రోజులు క్లాసులో కూర్చుంటారు, కొన్ని రోజులు ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఊళ్ళు తిరుగుతారు. కోర్సు చివర బ్లాక్ ప్లేస్‌మెంట్ అని సంస్థలోనే ఉండి పనిచేయాలి. మా క్లాసులో కొందరికి అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీకి పోవాలని ఆశ. నాకు ఎర్రగుంట్లలో వికలాంగుల కోసం పనిచేసే చిన్న సంస్థ పడింది.

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రం, నాపబండల పాలీషు యూనిట్లు. మా సంస్థకొచ్చే ఇండ్లలో చాలావరకు బండల మీద కూలి చేసేవాళ్ళవే. ఆ సంస్థలో నాకు సూపర్‌వైజర్‌గా ఉన్నావిణ్ణి అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు. నా చేతికి ఆమె మొదట ఇచ్చింది ఒక నోటు పుస్తకం. హోమ్ విజిట్‌కు పోయినప్పుడు ఇంట్లోవాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒక పక్క, కంటితో చూసింది ఇంకో పక్క రాయాలి. "నీ అభిప్రాయం వెనక పేజీలో రాసుకో తల్లీ. ముందు పేజీలో వాళ్ళు మాట్లాడాల" అనేది.

క్లాసులో దీన్ని ప్రాసెస్ రికార్డింగ్ అని చదివాం. మేరీ రిచ్‌మండ్ 1917లో అచ్చేసిన 'సోషల్ డయాగ్నసిస్' గురించీ చదివాం. ఒక మనిషి కష్టం గురించి నిర్ణయానికి వచ్చేముందు ఏది చూసిందో, ఏది విన్నదో, ఏది మన ఊహో విడదీసి చూసుకోమంటుంది ఆ పుస్తకం. పరీక్షలో ఈ జవాబు బాగానే రాశాను. దాని అవసరమేమిటో మాత్రం ఎర్రగుంట్లలోనే తెలిసింది.

కాలేజీకి రిపోర్టు ఇంగ్లీషులో ఇవ్వాలి. అయినా నోటు పుస్తకం తెలుగులోనే ఉండాలని అక్క పట్టుబట్టింది. తెలుగులో దొరికిన మొదటి శాసనమని చెప్పే రేనాటి చోళుల శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిది, ఈ మండలంలోని కలమళ్ళదే. అంత పాత తెలుగు రాత ఉన్నచోట ఈ ఊరోళ్ళ మాటల్ని వేరే భాషలోకి మార్చి రాసుకోవడం ఆమెకు అస్సలు నచ్చేది కాదు.

అక్క నాకొక పాత ఫైలు ఇచ్చింది. పన్నెండేండ్ల పిల్లవాడు, సెరిబ్రల్ పాల్సీ. సదరం సర్టిఫికెట్ లేదు. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉన్నట్టు ఆ సర్టిఫికెట్‌లో ఉంటేనే పింఛను వస్తుంది. ఫైల్లో చివరి వాక్యం: "కుటుంబం సహకరించడం లేదు."

నేను పోయేసరికి తల్లి వాడికి అన్నం పెడతా ఉంది. గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపి, వాడి వీపును తన రొమ్ముకు ఆనించుకుని కూర్చుంది. ఎడమచేతి బొటనవేలు వాడి గడ్డం కింద. పప్పన్నం మెత్తగా పిసికి చిన్న ముద్ద పెట్టి, ఆ వేలితో గడ్డాన్ని మెల్లగా పైకి ఎత్తితేనే వాడు మింగుతున్నాడు. గిన్నె ఖాళీ కావడానికి గంటకు పైనే పట్టింది. ఆ గంటసేపూ నేను ఫారం బయటికి తీయలేదు.

తండ్రి పాలీషు మిషన్ దగ్గరినుంచి వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎండిన బండబురద. "యాడికి రమ్మన్నా వస్తాం మేడం. వాన్ని ఎత్తుకుని ఆయమ్మ ఒక్కతే బస్సెక్కలేదు. నేను పోతే ఆ పొద్దు కూలి పాయ. ఫోన్‌కు ఏందో మెసేజ్ వచ్చిండంట, మాకు చదవను రాదు." ఆ మెసేజ్ సదరం పరీక్షకు ఇచ్చిన స్లాటుది. తేదీ ఎప్పుడో దాటిపోయింది.

సాయంత్రం అక్క ఆ పేజీ చదివి, ఇంకేమీ అడక్కుండా మూడు పనులు రాసింది. ఊరి సచివాలయంలో స్లాటు మళ్ళీ వేయించాలి, ఆ రోజుకు ఆటో మాట్లాడాలి, ఎత్తి దించడానికి తల్లికి తోడుగా మా సంస్థ నుంచి ఒక మనిషిని పంపాలి. పాత ఫైలు ప్రకారమైతే వాళ్ళకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. వాళ్ళు వినకపోతే ఫైలు మూయాలి. ఒక్క వాక్యం పిల్లవాడి పింఛను ఆపగలదని నాకు ఆ సాయంత్రం అర్థమై ఒళ్ళు జలదరించింది. ఇప్పుడైతే ఆ నష్టం ఇంకా పెద్దది. 2024 జులై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. బండలు మోసే ఇంటికి అదెంత ఆసరానో వేరే చెప్పాలా?

సర్టిఫికెట్ వచ్చింది. అది చేతికందినాక తల్లి అడిగింది వాడు వాలిపోకుండా కూర్చునే కుర్చీ ఏదైనా ఉంటుందా అని. కాన్పూరులోని అలింకో అట్లాంటి పిల్లల కోసం తయారు చేసే సీపీ కుర్చీకి అర్జీ పెట్టడం మా తర్వాతి పని అయింది. రోజూ అన్నం పెట్టే మనిషికే తోచే అవసరమది. మా ఫారాల్లో దానికి గడి లేదు.

ఇప్పుడు నా దగ్గరికీ ప్లేస్‌మెంట్‌కు పిల్లలొస్తారు. వాళ్ళ కాలేజీలు హాజరు పట్టీ, గంటల లెక్క, బ్యానర్ పట్టుకుని దిగిన ఫొటోలు అడుగుతాయి. నోటు పుస్తకం అడిగిన కాలేజీని నేనింతవరకు చూడలేదు. వైవాకు కూర్చునే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ఆ పుస్తకం తెప్పించుకోండి, ముందు పేజీలు చదవండి, మార్కులు వాటికి వేయండి.