వడ్డించు చేతికి విస్తరి

మనుచరిత్రము చదివినవారెల్లరు ప్రవరుని యిల్లాలిని ఎరుగుదురు. వేయిమంది యతిథులు వచ్చినను వండుటకు అలయదని పెద్దనార్యుడు ఆమెను అన్నపూర్ణతో సరిపోల్చినాడు. బాల్యమున మా తండ్రిగారు ఆ పద్యము చెప్పినపుడు మేము మిక్కిలి గర్వించితిమి. కాపురమునకు వచ్చి పదునైదేండ్లు వంటయింట నిలిచిన పిమ్మట మాకొక సందేహము కలిగినది. ఆ యిల్లాలు తాను ఏ వేళ భుజించెనో, ఆమెకు వడ్డించినవారెవ్వరో కవి చెప్పలేదు.

మన గోదావరి సీమలోనే ఇట్టి యన్నపూర్ణ నిజముగా నుండెను. లంకల గన్నవరమునందలి డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకును అన్నము పెట్టిన పుణ్యశాలిని. ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, త్రోవలో ఆకలిగొన్న పెండ్లివారు తమ యింటికే భోజనమునకు పోవుచున్నారని విని, యాత్ర మాని మరలి వచ్చి వండిపెట్టిరని పెద్దలు చెప్పుదురు. గన్నవరమువద్ద 2000వ సంవత్సరమున ప్రారంభమైన అక్విడక్టునకు ఆమె పేరే పెట్టినారు. దైవదర్శనమునకైనను సెలవు దొరకని చేతులవి.

ఇక సొమ్మిచ్చి భుజించుట మనవారికి క్రొత్తగాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింట ఒక్క రూకకు సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు దొరకెనట. అయినను ఆ పంక్తిలో కూర్చుండినవారు పురుషులే. ఇల్లాలు బయట భుజించుట చిన్నతనమను తలంపు నేటికిని మన యిండ్లలో మిగిలియున్నది.

మేము కాపురముండు కాకినాడలో సుబ్బయ్యగారి హోటలు పేరు వినని వారు లేరు. 1950 దశకమున వెలసిన ఈ భోజనశాలకు ఇటీవల హైదరాబాదు మొదలగు పట్టణములలోను శాఖలు ఏర్పడినవి. అరటియాకులో పెట్టు భోజనమునకును, ఇంటికి పంపు బుట్టభోజనమునకును అది ప్రసిద్ధి. గత వేసవిలో పాఠశాల పరీక్షలు ముగిసిన మరునాడు మావారు, ఈ పూట పొయ్యి వెలిగింపవలదనిరి. డెబ్బదియేండ్ల మా అత్తగారు ఒప్పుకొనలేదు. “ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళముండగా డబ్బిచ్చి కూడు కొనుక్కోవడమేమిట్రా?” అనిరి. పిల్లలు చేయిపట్టి లాగగా ఎట్టకేలకు బయలుదేరిరి.

వడ్డించు అబ్బాయి, పెద్దవారని మొదట అత్తగారి యాకులోనే వడ్డింప నారంభించెను. ఆమె చేయి అడ్డుపెట్టి, “ముందు మగవాళ్ళకు కానీ నాయనా” అనిరి. “అందరికీ వస్తోందండీ మామ్మగారూ, మీరు కానివ్వండి” అనుచు అతడు పులిహోర, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ వడ్డించి, పొగలు గ్రక్కు అన్నముమీద కమ్మని నేయి పోసెను. ఆకు ఖాళీయగుచున్నదని ఆమె చెప్పకమునుపే చూచి మారు వడ్డించెను. పులుసు కలుపుకొనుచు అత్తగారు మావైపు తిరిగి మెల్లగా, “అమ్మాయీ, వేడన్నం కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో!” అనిరి.

ఏబదియేండ్లు ఆ చేతులు వడ్డించిన అన్నము ఆమె విస్తరిలోనికి వచ్చుసరికి చల్లారుచుండెడిది. ఆ వరుసలో తరువాతి వారము మేమే. మావారు తలయెత్తక భుజించిరి. పెరుగు వేయ వచ్చిన అబ్బాయిని అత్తగారు “నువ్వెప్పుడు తింటావురా?” అని యడిగిరి. “రద్దీ తగ్గాకండీ” అనెను. “మా వరుసే” అని ఆమె నవ్విరి.

నెలనెల హోటలునకు పోవుట బడిపంతులు జీతమునకు తగినది గాదు. అది మాకు అవసరమును గాదు. నాటినుండి మా యింట ఆదివారము మధ్యాహ్నము వంట మేమే చేయుదుము గాని, మొదటి రెండు విస్తళ్ళు అత్తగారికిని మాకును పడును. మావారును అబ్బాయియు వడ్డింతురు. మొదటివారము చారు సగము గచ్చుపాలయ్యెను. ఏ గరిట దేనికో తెలియక అబ్బాయి తికమకపడెను. అత్తగారు రెండువారములు ఆకుముందు కూర్చుండనే లేదు. మూడవవారము కూర్చుండి, “పప్పులో ఇంకాస్త నెయ్యి వెయ్యరా” అని కుమారునకు ఆజ్ఞాపించిరి!

సోదరీమణులారా! అతిథికి అన్నము పెట్టుట మన ధర్మము, మన కీర్తి. దానిని విడువుమని మేము చెప్పము. మన పిల్లలకు, ముఖ్యముగా మగపిల్లలకు, వడ్డన నేర్పుదము. మంచి హోటలునకు పోవు వేళ ఇంటి పెద్దామెను వెంట గొనిపోవుడు. ఆమె యాకులో మొదటి ముద్ద వేడిగా పడనిండు. ఆ ముద్ద తినునపుడు ఆమె ముఖమును ఇంటిల్లిపాది చూడవలెను.