డాబా మీద ఎండ కోసం

ధనుర్మాసం వచ్చిందంటే మా నల్లకుంటలో ముంగిట ముగ్గులతోపాటు అమెరికా మనవలూ కనిపిస్తారు. అక్కడ గడ్డకట్టే మంచు, ఇక్కడ డాబా మీద నులివెచ్చని ఎండ!

ఓ జనవరిలో మా అమ్మాయి చంటిపిల్లతో ఢిల్లీ మీదుగా వస్తూ, పొగమంచుకి రాత్రంతా అక్కడే చిక్కుకుపోయింది. ఇక్కడ నాకు కంటిమీద కునుకుంటే ఒట్టు! గంగా మైదానం పల్లం, నేలలో తేమెక్కువ, గాలి కదలదు. అందుకే మంచు పేరుకుంటుందట. మన హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి మీదుంది. ఆ బెడద తక్కువ.

కనుక పిల్లలకి చెప్పండి, జనవరిలో తెల్లవారుజామున ఢిల్లీలో విమానం మారొద్దని. ఎండెక్కితే మంచు విడిపోతుంది. ఇంకోమాట. పైన పడమటి గాలులు చలికాలంలో జోరుగా వీస్తాయి. అమెరికా వెళ్లేటప్పుడు అవి ఎదురొచ్చి ప్రయాణం సాగుతుంది. సకినాలు నాలుగు ఎక్కువే కట్టండి!