మూసుకోవడమే దాని పని

ఏప్రిల్ వచ్చిందంటే అగ్నిమాపక వారోత్సవాల పేరుతో ఏదో ఒకటి రాయించడం మా ఎడిటరుగారికి అలవాటు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పబోయిన సిబ్బంది బలయ్యారు. వారోత్సవాలు ఏటా ఆ తేదీనే మొదలవుతాయి. ఈసారి నన్ను సికింద్రాబాద్‌లో ఒక కమర్షియల్ కాంప్లెక్సుకు, అక్కడ జరిగే ఫైర్ ఆడిట్ చూసి రమ్మని పంపారు. పంపు రూము, నీళ్ల ట్యాంకు, అలారం ప్యానెల్ అన్నీ వరసగా చూపించాలని మేనేజరు తొందర. నేను నాలుగో అంతస్తు మెట్ల దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఒక మేస్త్రీ స్టూలెక్కి, మెట్లకున్న ఫైర్ డోర్ తలుపు సందులో రూపాయి బిళ్లలు దూరుస్తున్నాడు.

రెండు బిళ్లలు జత చేస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు. ఆ జత బిగువుగా దూరితే సందు సరిగ్గా ఉన్నట్టు, జారి కింద పడితే తలుపు కుంగినట్టు. సంచిలో గేజీ లేకపోలేదు. "గేజీ జూపిస్తే ఓనర్లకు సమజ్ గాదు సార్, రూపాయి అయితే అందరికీ తెలుసు" అన్నాడు.

తలుపును దానంతటదే మూసే డోర్ క్లోజర్‌కు రెండు స్క్రూలు. ఒకటి తలుపు వచ్చే వేగానికి, ఇంకోటి చివర్లో లాచ్ పడే ఊపుకు. పావు చుట్టు తిప్పుతాడు, తలుపు బార్లా తీసి వదిలేస్తాడు, చెవి అటే వేసి నిలబడతాడు. 'టక్'మనాలి. అనకపోతే మళ్లీ పావు చుట్టు. విసుగన్నది లేదు. తర్వాత తలుపు అంచునున్న పట్టీని గోటితో గీకాడు. వేడి తగిలితే ఉబ్బి సందు పూడ్చే పట్టీ అది. ఎవడో పెయింటర్ దాని మీద దిట్టంగా ఎనామిల్ కొట్టి పోయాడు. పక్కనే ఉన్న కంపెనీ లేబుల్‌కూ అదే గతి. ఈ తలుపు రెండు గంటలు మంటకు ఆగుతుందని చెప్పడానికి అక్కడున్న రుజువల్లా ఆ లేబులే.

కింది అంతస్తులో తలుపు తెరిచే ఉంది, మూసుకోకుండా అడ్డంగా మంటలార్పే సిలిండర్! నాకు ఒళ్లు మండింది. సెక్యూరిటీ అతను మాత్రం తన గోడు చెప్పుకున్నాడు: "ఏం జేస్తం సార్? పొద్దంతా దభేల్ దభేల్ మని కొట్టుకుంటది. ఆఫీసోళ్లు నన్నే తిడుతరు." అతని తప్పేముంది? ఆ స్క్రూను పావు చుట్టు తిప్పే మనిషి ఇన్నాళ్లూ రాలేదు, అంతే. పైన టెర్రస్ తలుపుకేమో దొంగల భయంతో తాళం.

మనకు రెండే తెలుసు: బార్లా తెరవడం, లేదంటే తాళం వేయడం. మూసే ఉండాలి, కానీ నెడితే తెరుచుకోవాలి అన్న సంగతి మన భవనాలకు ఒంటబట్టలేదు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో దారులు మూసుకుపోయి 59 మంది పోయారు. ఈ సికింద్రాబాద్‌లోనే 2022 సెప్టెంబరులో స్కూటర్ల షోరూములో మంటలు రేగితే మెట్లే పొగగొట్టమై పై లాడ్జిలో ఉన్నవాళ్లను పొగ చుట్టేసింది, ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి మార్చిలో ఇక్కడే స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు రేగి, ఉద్యోగాలకొచ్చిన ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక పోయారు. మంట కంటే ముందు పొగ చంపుతుంది. మెట్లలోకి దాన్ని రానివ్వకుండా ఆపాల్సింది ఈ తలుపే.

15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. ఆ కాగితం కోసం పడే ఆరాటంలో పదో వంతు తలుపు కబ్జాల (కీళ్ల) మీద చూపితే చాలు. ఎన్‌ఓసీకి ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో వేలాడదీస్తారు. కబ్జాకు చుక్క నూనె పోయరు. లిఫ్టు ఆగితే పది నిమిషాల్లో మెకానిక్‌ను పిలిపిస్తారు, తలుపు కుంగితే ఏళ్లు గడిచినా అడిగే దిక్కుండదు. ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారని మేస్త్రీ అంటే నమ్మబుద్ధేసింది. అతని కూలీ తలుపుకింత అని లెక్క. శ్రద్ధగా చూసినకొద్దీ రోజుకు తలుపులు తగ్గుతాయి, డబ్బులూ తగ్గుతాయి. అతని కుర్రాడు ఈ పని మానేసి అల్యూమినియం పార్టిషన్లకు పోతున్నాడట.

మేనేజరు మళ్లీ వచ్చాడు. "మేస్త్రీ, రిపోర్టు మధ్యాహ్నానికల్లా కావాలి. అన్నిటికీ ఓకే రాసెయ్, రిపేర్లు తర్వాత చూసుకుందాం."

మేస్త్రీ మూడు కబ్జాలు మార్చాలని, టెర్రస్ తాళం తీసేయాలని చెప్పాడు. మేనేజరు ఖర్చెంతని అడిగాడు. కబ్జాల ధర విని, బడ్జెట్ వచ్చే ఏడాదే అన్నాడు. తాళం తీయడానికి పైసా అక్కర్లేదు కదా అని నేను కల్పించుకుంటే, తాళంచెవి సొసైటీ సెక్రటరీ దగ్గరుందని, ఆయన ఊళ్లో లేడని చెప్పి ఫోనందుకున్నాడు.